పసుపు వైరు

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. అక్షరాలు నాకు జుట్టు నెరిశాక వచ్చాయి. ఇప్పటికీ ఒకదాని బదులు ఇంకొకటి రాస్తుంటాను. ఒక పేజీ నిండాలంటే నాకు ఒక మధ్యాహ్నం పోతుంది. తప్పు కనబడిన చోట మీరే దిద్దుకుని చదువుకోండి. ఇది నాతో పాటు చదువుకున్న తూడా సంగతి. ఆమె చెప్పగా విన్నదే ఎక్కువ.

తూడా ఇంట్లో పాత టీవీ చచ్చిపోయిన రోజు అందరికన్నా ఎక్కువ దిగులు పడింది తూడాయే. ఆమె టీవీ చూసే మనిషి కాదు. చూడడానికి కూర్చునే తీరికా లేదు. కానీ ఆ టీవీ నడిస్తేనే ఆమె మధ్యాహ్నం నడిచేది.

సంగతేమంటే, తూడా అత్తగారు ఇజ్జాకి మా కొండల భాష తషెల్హిత్ తప్ప ఇంకో మాట రాదు. ఎనభై ఏళ్ళూ సూస్ కొండల్లో బాదం చెట్ల మధ్య బతికి, కాలు విరిగాక కొడుకు వెంట కాసాబ్లాంకాకి వచ్చింది. ఇక్కడ వీధిలో అరబ్బీ, ఆసుపత్రిలో అరబ్బీ, టీవీ పెడితే అరబ్బీ. ఇజ్జాకి అదంతా పక్కింట్లో బట్టలుతుకుతున్న చప్పుడు లాంటిదే. ఆమెకి అర్థమయ్యే మనుషులు మొత్తం నగరంలో ఇద్దరు, కొడుకు బీహీ, కోడలు తూడా. బీహీ తెల్లవారకముందే కిందనున్న కిరాణా కొట్టు తలుపు ఎత్తితే మళ్ళీ వీధంతా సద్దుమణిగాకే దించుతాడు. ఇక మిగిలింది తూడా.

ఊళ్ళో సంతలో అప్పట్లో మా మాటలో తీసిన సినిమాల సీడీలు కుప్పలుగా పోసి అమ్మేవారు. పిసినారి ముసలివాళ్ళు, గయ్యాళి కోడళ్ళు, గాడిదల మీదెక్కి పెళ్ళిచూపులకి వెళ్ళే మగవాళ్ళు. అలాంటివి ఒక గోధుమపిండి సంచీడు ఇజ్జా తనతో తెచ్చుకుంది. బట్టల మూట మరిచిపోయిందిగాని వాటిని మరవలేదు. భోజనాలయ్యాక తూడా ఒక సీడీ పెట్టేది. ఇజ్జా ఒళ్ళో ఉన్ని వేసుకుని కదురు తిప్పుకుంటూ కూర్చునేది. సినిమాలో వాళ్ళు మాట అనకముందే ఈమె అనేసి నవ్వేది. ఆ సమయంలో తూడా చెప్పులేసుకుని వీధి చివర మసీదులో ఆడవాళ్ళ గదికి వెళ్ళేది. అక్కడ కల్తూమ్ అనే పంతులమ్మ మాలాంటి వాళ్ళకి అక్షరాలు నేర్పేది. పొద్దు వాలాక అసర్ నమాజుకి పిలుపు వినబడే వేళకి తూడా తిరిగి వచ్చేది. రోజు మొత్తంలో తూడా కూర్చునే చోటు ఆ బల్ల ఒక్కటే. అది చదువా, విశ్రాంతా అని అడిగితే ఆమె కూడా చెప్పలేకపోయేది.

అలాంటి రోజుల్లో పాత టీవీలో బొమ్మ ముడుచుకుని ముడుచుకుని నడుమ ఒక తెల్లగీతగా మిగిలింది. తర్వాత గీత కూడా పోయింది.

బీహీ కొత్త టీవీ కొన్నాడు. ఊరికే కొనలేదు. ఆ కొట్టు బీహీ ఒక్కడిదీ కాదు, ఊళ్ళో ఉన్న అన్న అబెల్లాది కూడా. ఒకప్పుడు ఇద్దరూ వంతులు వేసుకునేవారు. ఒకరు కొట్టులో ఉంటే ఇంకొకరు ఊళ్ళో చెట్లూ గోడలూ చూసుకునేవారు. ఆరేడు నెలలకోసారి మారేవారు. ఇజ్జాకి కాలు విరిగినప్పటి నుంచి బీహీ ఇక్కడే పాతుకుపోయాడు, అబెల్లా అక్కడే ఉండిపోయాడు. వంతులు ఆగాయిగాని పద్ధతి ఆగలేదు. కొట్టు గల్లా లోంచి ఏ వస్తువు కొనాలన్నా ఇద్దరి నోటా మాట రావాలి. టీవీకి అబెల్లా వెంటనే సరేనన్నాడు, ఫుట్‌బాల్ పోటీలు చూడడానికి తాను కూడా పట్నం దిగుదామని.

వచ్చిన టీవీ గోడంతా పరుచుకుంది. పలకలా పల్చగా ఉంది. బీహీ దాన్ని మేకులకి తగిలించి, వెనక్కి జరిగి నడుం మీద చేతులేసుకుని చూసుకున్నాడు. తర్వాత తూడా పాత సీడీ ప్లేయరు తెచ్చి, ఎరుపూ తెలుపూ పసుపూ మూడు వైర్లు చేతబట్టుకుని టీవీ వెనకంతా తడిమింది. అన్నీ పల్చటి పొడుగు బెజ్జాలే. గుండ్రంగా రంగు వేసిన బెజ్జం ఒక్కటి కూడా లేదు.

"వీటిని ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది.

"వాటి కాలం అయిపోయిందట," అన్నాడు బీహీ. టీవీ అమ్మిన కొట్టువాడు ముందే చెప్పాడట. ఇంత టీవీకి ఆ డొక్కు ప్లేయరు పెడితే కొత్త పెళ్ళికొడుక్కి చిరిగిన చెప్పులు వేసినట్టుంటుందని, మంచి ప్లేయరు తీసుకుంటే మనిషి మొహం మీద చెమట చుక్క కూడా కనబడుతుందని. బీహీకి ఆ మాట బాగా పట్టుకుంది. ఆ సాయంత్రమే అబెల్లాకి ఫోను చేశాడు. తూడా పిండి పిసుకుతూ ఆ మాటలన్నీ విన్నది. ఫోను గట్టిగా పలుకుతుంది కనుక అవతలి గొంతు కూడా వినబడింది.

"పాత ప్లేయరు పాడైందా?" అని అడిగాడు అబెల్లా.

"లేదన్నయ్యా, బాగానే ఉంది."

"మరి కొత్తదెందుకు?"

"టీవీకి బెజ్జాలు లేవు."

"బెజ్జాలు లేని టీవీ ఎందుకు కొన్నావురా?"

"ఇప్పుడన్నీ అలాగే వస్తున్నాయి."

"సరే. ముందు టీవీ కొన్నావు. ఇప్పుడు టీవీ కోసం ప్లేయరంటావు. రేపు ప్లేయరు కోసం సోఫా అంటావు, ఎల్లుండి సోఫా కోసం ఇల్లంటావు. అమ్మ ఏమంటోంది?"

అమ్మ కదురు తిప్పుకుంటూ కూర్చుంది. అబెల్లా ఆలోచించి చెప్తానని పెట్టేశాడు. ఆయన ఆలోచన అంటే బార్లీ మొలకెత్తినంత నిదానం.

ఆ ఆలోచన తేలేలోగా తూడా మధ్యాహ్నాలు పోయాయి. ఇజ్జాని ఒంటరిగా ఆ గోడ ముందు వదిలి వెళ్ళడానికి ఆమెకి మనసొప్పలేదు. ఒకసారి వదిలి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ముసలావిడ తలుపు దగ్గర నేల మీద కూర్చుని ఉంది, మెట్ల మీద ఎవరైనా మాట్లాడుకుంటూ పోతారేమో విందామని. వాళ్ళు మాట్లాడుకునేది కూడా ఈమెకి అర్థంకాని మాటే. అప్పటినుంచి తూడా బడి మానేసింది. ఇద్దరూ కూర్చుని అరబ్బీలోకి మార్చిన తుర్కీ సీరియల్ చూసేవారు. తూడా ప్రతి మాటా మళ్ళీ తన మాటలో చెప్పేది.

"వీడెవడు?" అని అడిగేది ఇజ్జా.

"ఆమె మొగుడు."

"మరి ఆమె ఎందుకేడుస్తోంది?"

"మొగుడు కాబట్టి."

ఇజ్జా నవ్వేది. కాసేపాగి మళ్ళీ, "ఇప్పుడు మాట్లాడేదెవరు?" అనేది. "ఇందాక చెప్పాను కదా లల్లా, ఆ మొగుడే." "వీడు?" "వీడు కూడా అతనే." అత్తగారిని ఆమె లల్లా అనే మర్యాదగా పిలిచేది. అత్తగారికి మనుషులు గుర్తుండడం లేదని తూడా అనుకుంది. వయసు కదా అనుకుంది. వయసు మీదకి తోసేసినవి ఇంకా ఉన్నాయి. కొండమనిషి టీ పోస్తే కేటిల్ తలపైకి ఎత్తి పోయాలి, గ్లాసులో నురగ లేవాలి. ఇజ్జా ఊళ్ళో అందుకు పేరుమోసింది. ఇప్పుడు కేటిల్ ముక్కు గ్లాసు అంచుకి ఆనించి, తల వంచి, నింపుతోంది. "లల్లా, పట్నం వచ్చి టీ పొయ్యడం మరిచిపోయావా?" అని తూడా ఆటపట్టించింది. "చెయ్యి వణుకుతోంది," అంది ఇజ్జా. చెయ్యి వణకడం తూడా చూడలేదు, కాని ఆ మాట వెంట పోలేదు. వెంట పోయే ఓపిక లేదు. పొద్దున్న రొట్టెల పిండి, వీధి అందరి రొట్టెలూ కాల్చే పొయ్యి దగ్గర వరస, అత్తగారికి స్నానం, బీహీకి కింద భోజనం, ఇప్పుడు దాని మీద సాయంత్రం దాకా మొగుడెవరో పెళ్ళామెవరో విడమరిచి చెప్పడం. ఆమెకి గొంతు కాదు నొప్పి పుట్టేది, దవడలు.

కల్తూమ్ పంతులమ్మ ఒకరోజు వీధిలో ఎదురై, పేర్లు తీసేస్తున్నారు, ఇంకో వారం రాకపోతే వచ్చే ఏడాదే మళ్ళీ అని చెప్పింది. కోపంగా చెప్పలేదు. తూడా సరేనంది. ఇంటికొచ్చి సీరియల్ పెట్టింది.

అగాదిర్‌లో ఉన్న తూడా కూతురు ఫోనులో నవ్వింది. ఆ సినిమాలన్నీ ఇప్పుడు నెట్‌లో ఉన్నాయమ్మా, టీవీలోనే చూసుకోవచ్చు అంది. నిజమే ఉన్నాయి. కాని నెట్ బీహీ ఫోనులో ఉంది, ఫోను బీహీ జేబులో ఉంది, బీహీ కొట్టులో ఉన్నాడు. శుక్రవారం ఒకసారి పెట్టి చూశారు. పిసినారి గాడిదని తిట్టబోతుండగా మధ్యలో ఎవరో అమ్మాయి అరబ్బీలో సబ్బు గురించి చెప్పడం మొదలుపెట్టింది. అది ఆపాలంటే మీట నొక్కాలి. ఇజ్జా రిమోటు తల్లకిందులుగా పట్టుకుని నొక్కింది. అంతా ఆరిపోయింది.

చివరికి అబెల్లా సగం మాట ఇచ్చాడు. తెచ్చి చూడు, నచ్చకపోతే తిరిగి ఇచ్చెయ్ అన్నాడు. కొట్టువాడు కూడా వారం గడువిచ్చాడు. బీహీ ప్లేయరు తెచ్చాడు. నల్లగా, పల్చగా, చేతికి బరువే తెలియకుండా ఉంది. దానితో పాటు కొట్టువాడు ఊరికే ఇచ్చిన ఒక సినిమా సీడీ పెట్టి చూపించాడు. సముద్రం అడుగున చేపలు. నిజంగానే ఒక్కొక్క పొలుసు మెరిసింది. బీహీ నోరు తెరుచుకుని చూశాడు. తూడాకి కూడా బాగుందనిపించింది.

తర్వాత గోధుమపిండి సంచీలోంచి ఇజ్జాకి ఇష్టమైన సీడీ తీసి పెట్టారు. ప్లేయరు గరగరమంది. ఆగింది. మళ్ళీ గరగరమని, తెర మీద రెండు ముక్కలు రాసి, సీడీని నాలుక చాపినట్టు బయటికి నెట్టింది. తుడిచి పెట్టారు. నెట్టింది. ఇంకోటి పెట్టారు. అదీ అంతే. సంచీ అడుగు దాకా ఒక్కటి కూడా పట్టలేదు.

బీహీ కొట్టువాడికి ఫోను చేశాడు. అవి మరీ పాతరకం సీడీలు, కొత్తవి వాటిని చదవవు, దానికేం చెయ్యలేం, వాటిని పారేసి మంచివి కొనుక్కోండి అన్నాడతను. బీహీ తల్లికి ఎలా చెప్పాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

ఇజ్జాయే నిదానంగా అంది. "పోనీలేరా. దాన్నెందుకు తిట్టడం? దానికి మన మాట రాదు."

"అది కాదమ్మా. సీడీలు పాతవి."

"ఆసుపత్రిలో డాక్టరుకి రాదు, కాగితాల ఆఫీసులో వాళ్ళకి రాదు. ఎక్కడో విదేశంలో చేసిన డబ్బాకి ఎలా వస్తుంది? దాని తప్పేముంది?"

తూడా సీడీలు ఒక్కొక్కటే కవర్లలో పెట్టింది. అత్తగారు కోపగించుకుని ఉంటే బాగుండేదనిపించింది. ఇంత అలవాటుగా సరిపెట్టుకోవడం చూస్తే ఒళ్ళంతా బరువెక్కింది.

మర్నాడు టీవీ అట్టపెట్టె చింపి పొయ్యికి పెడదామని తీస్తుంటే, అడుగున తెల్ల అట్ట మధ్య చిన్న సంచీ దొరికింది. అందులో జానెడు వైరు. ఒక కొసన సన్నటి పుల్ల, రెండో కొసన మూడు గుండ్రటి బెజ్జాలు, ఎరుపూ తెలుపూ పసుపూ. తూడా దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని చూసింది. ఇన్నాళ్ళూ ఇది ఈ అట్టల మధ్య ఉంది. తాను అక్కడ తుర్కీ మొగుళ్ళ లెక్క చెబుతూ కూర్చుంది.

సన్నపుల్ల టీవీ పక్కన ఒక బెజ్జంలో పట్టింది. పాత ప్లేయరు తెచ్చి మూడు వైర్లూ తగిలించింది. పిసినారి గొంతు వచ్చింది, బొమ్మ కూడా వచ్చింది. అయితే బొమ్మ ఎలా ఉందంటే, చిన్న రొట్టె ఉండని పెద్ద పెనం మీద సాగదీసినట్టుంది. మొహాలు వెడల్పుగా, అంచులు చెదిరిపోయి, తడిసిన కాగితం మీద బొమ్మల్లా ఉన్నాయి. సన్నటి హీరోయిన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

సాయంత్రం టీ కోసం పైకొచ్చిన బీహీ అది చూసి మొహం చిట్లించాడు. ఇంత టీవీ కొని ఇదా చూడడం అన్నాడు. కొత్త ప్లేయరు ఉంచుకుందాం, అబెల్లాకి నచ్చజెప్తాను, అమ్మకి నెమ్మదిగా కొత్త సీడీలు కొందాం అన్నాడు. తూడా పంతులమ్మ ఇచ్చిన గడువు గుర్తొచ్చి ఈ సంగతిలో మొదటిసారి అడ్డం తిరిగింది.

"కొత్త సీడీల్లో మన మాట ఉందా?" అంది.

"దొరక్కపోతాయా?"

"ఎక్కడ దొరుకుతాయి? ఆ సీడీలు చేసేవాళ్ళే ఇప్పుడు ఫోన్లు బాగుచేసుకుంటున్నారు. చేపలు చూపిస్తావా మీ అమ్మకి?"

బీహీ చివరికి తల్లి వైపు తిరిగి, నువ్వే చెప్పమ్మా అన్నాడు. రేపు మధ్యాహ్నం పాతదాని మీద సినిమా మొత్తం చూడు, బొమ్మ కంటికి బాగుంటే కొత్తది తిరిగి ఇచ్చేస్తాను, కళ్ళు నొప్పెడితే ఉంచుకుంటాను, నీ మాటే ఆఖరు అన్నాడు. ఇజ్జా తల ఊపింది. ఆ తల ఊపడంలో తూడాకి ఏదో తొందర కనబడింది, కాని సంతోషం వల్లనుకుంది.

మర్నాడు భోజనాలయ్యాక తూడా సీడీ పెట్టింది. ఇజ్జా చేతికి ఉన్ని అందించింది. ప్లేయరు పెట్టిన బల్లని కాస్త గోడ దగ్గరికి తోసి, చెప్పులేసుకుని బయల్దేరింది. బల్ల జరిగినప్పుడు పసుపు వైరు ఊడింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. మాటలు వినబడుతూనే ఉన్నాయి కదా.

బడిలో కల్తూమ్ ఆమెని చూసి బల్ల మీద చోటు చూపించింది. ఆ రోజు మేం ఎవరి పేరు వాళ్ళం, అమ్మ పేరూ, ఊరి పేరూ రాశాం. తూడా అత్తగారి పేరు కూడా రాసింది. అసర్ పిలుపు వినబడగానే లేచి వెళ్ళిపోయింది.

మెట్లెక్కుతుంటే పిసినారి గొంతు వినబడింది. గాడిద మీంచి పడే చోటు. అత్తగారు పగలబడి నవ్వడం కూడా వినబడింది. తూడాకి ఆ నవ్వు విని సగం మెట్ల మీదే అలసట దిగిపోయినట్టనిపించింది. ఇక రేపటి నుంచి రోజూ బడికి పోవచ్చు అనుకుంది. తలుపు తోసింది.

టీవీ నిండా నీలం. గోడంతా ఒకటే నీలం, అందులో బొమ్మా లేదు, గీతా లేదు. దాని ముందు ఇజ్జా నిటారుగా కూర్చుని, కళ్ళు దానికేసి పెట్టి, కదురు తిప్పుతూ నవ్వుతోంది. ఆ నీలం వెలుగు ముసలావిడ బుగ్గల మీదా, తెల్ల ఉన్ని మీదా పడుతోంది.

"తూడావా?" అంది చెప్పుల చప్పుడుకి. "చూడు చూడు, ఎలా పడ్డాడో చూడు."

తూడా గుమ్మంలోనే నిలబడింది. కేటిల్ ముక్కు గ్లాసు అంచుకి ఆనడం, వీడెవడు వాడెవడు అని అడగడం, రిమోటు తల్లకిందులు కావడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆమె ముందు నిలబడ్డాయి.

"బొమ్మ బాగుందా లల్లా?" అని అడిగింది.

"ఊటనీళ్ళంత తేటగా ఉంది. బీహీకి చెప్పు. ఆ చేపల డబ్బా తిరిగి ఇచ్చెయ్యమను."

తూడా వచ్చి పక్కన కూర్చుంది. బొమ్మ తెచ్చే పసుపు వైరు బల్ల అంచున వేలాడుతోంది. చెయ్యి చాపి గుచ్చేస్తే సరిపోయేది. గుచ్చి, బాగుందట అని బీహీతో చెప్పి, రేపు చెప్పులేసుకుని బయల్దేరితే సరిపోయేది. ఎవరూ అడిగేవారు కాదు. తూడా ఆ వైరు కేసి చాలాసేపు చూసింది. తర్వాత చెప్పింది.

"లల్లా, టీవీలో బొమ్మ లేదు."

కదురు ఆగింది. సినిమాలో పిసినారి గాడిదని బతిమాలుకుంటున్నాడు.

"ఒట్టి మాటలేనా వచ్చినవి?" అంది ఇజ్జా.

"ఒట్టి మాటలే."

"వెలుగు కదలడం లేదనిపించింది," అంది ముసలావిడ. "కొత్త టీవీ పద్ధతేమో అనుకున్నాను."

ఎప్పటి నుంచి అని తూడా అడిగింది. పోయిన రంజానుకి ముందు నుంచి అని చెప్పింది ఇజ్జా. ముందు ఎడమ కన్ను, తర్వాత రెండోది. వెలుగు తెలుస్తుందట, మనిషి అడ్డం వస్తే తెలుస్తుందట, ఆ మనిషి ఎవరన్నది మాత్రం నోరు విప్పితేనే తెలుస్తుందట. తనతో ఎందుకు చెప్పలేదని తూడా అడగకముందే ఇజ్జా జవాబు చెప్పింది.

"చెబితే ఏం చేస్తావు? ఆసుపత్రికి లాక్కెళ్తావు. వాళ్ళ మాట నాకు చెప్తావు, నా మాట వాళ్ళకి చెప్తావు. ఇంటికొచ్చాక నన్ను ఒంటరిగా వదలవు. నీ పలక అటకెక్కుతుంది. నాకు కనబడదని తెలిస్తే ఒక్కరోజైనా బడికి వెళ్ళేదానివా? నిజం చెప్పు."

తూడా ఒళ్ళోకి జారిన ఉన్ని తీసి అత్తగారి చేతిలో పెట్టింది. లోపల ఎక్కడో కోపం వచ్చింది, ముసలావిడ మీద కాదు, ఎవరి మీదో తెలియదు. ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికి కూడా కొంచెం ఓపిక కావాలి. సినిమా అయిపోయేదాకా ఇద్దరూ ఆ నీలం ముందు కూర్చున్నారు. చివర్లో అందరూ పాటపాడే చోట ఇజ్జా కూడా పాడింది.

బీహీ టీకి పైకొచ్చాడు. ఏమంది అమ్మ అని అడిగాడు.

"కొత్తది తిరిగి ఇచ్చెయ్," అంది తూడా.

"అయితే బొమ్మ బాగుందన్నమాట."

"బొమ్మతో పని లేదు."

తర్వాత అంతా చెప్పింది. బీహీ నిలబడి వింటూ వింటూ కూర్చున్నాడు. తల్లి చేతులు పట్టుకుని, వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు, కనబడనిది చేతులకైనట్టు. తాను ఇదే ఇంట్లో ఉన్నాడు, ఇన్ని నెలలూ ఆ చేతులతో పోసిన టీ తాగాడు. ఆ సంగతి అతని మొహం మీద కనబడింది. కాసేపటికి తలెత్తి, సరే, రేపే ఆసుపత్రికి తీసుకెళ్ళు తూడా అన్నాడు. అలవాటుగా అన్నాడు. ఆ ఇంట్లో ఎవరిని ఎక్కడికి తీసుకెళ్ళాలన్నా ఆమే కదా.

తూడా ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషేం కాదు, అలాగని ఎక్కువ చెప్పేదీ కాదు. ఆ రోజు మాత్రం గొంతు పెంచకుండా చెప్పింది.

"నువ్వు తీసుకెళ్ళు. అరబ్బీ నాకన్నా నీకే బాగా వచ్చు."

"కొట్టు ఎవరు చూస్తారు?"

"మీ అన్నయ్యని పిలు. వంతు ఆయనదే. ఇన్నేళ్ళూ నువ్వొక్కడివే కూర్చున్నావు."

"నువ్వేం చేస్తావు మరి?"

"పొద్దున్న రొట్టెలు చేస్తాను. మధ్యాహ్నం బడికి పోతాను."

బీహీ తల్లి కేసి చూశాడు, ఆమె ఏమైనా అంటుందేమోనని. ఇజ్జా కదురు మొదలుపెట్టింది. దారం సన్నగా, ముడి లేకుండా వస్తోంది. అది మాత్రం వేళ్ళకి చూపు అక్కర్లేని పని.

"మధ్యాహ్నం తిండి?" అన్నాడు బీహీ నెమ్మదిగా.

"కొట్టులో సార్డీన్ డబ్బాలు అమ్మేది ఎవరు? ఒకటి తెరుచుకో."

ఇజ్జా ముందు నవ్వింది. తర్వాత బీహీకి కూడా నవ్వక తప్పలేదు. ఫోను తీసి అన్నకి చేశాడు. అబెల్లా ఈసారి ఆలోచించి చెప్తాననలేదు. కొత్త ప్లేయరు సంగతి ఎత్తనే లేదు. బస్సు ఎన్నింటికో కనుక్కుంటానని పెట్టేశాడు.

ఆయన వచ్చాడు. ఒక బాదం మూటా, నూనె డబ్బా తెచ్చాడు. మొదటిరోజు కొట్టులో ధరలన్నీ పాతవే చెప్పి వీధివాళ్ళని సంతోషపెట్టాడు. ఆ రోజు కొంటే లాభమని మా వీధిలో ఆడవాళ్ళు సంచులు తీసుకుని పరిగెత్తారు. బీహీ తల్లిని వీపు మీద మెట్లు దింపి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. శుక్లాలన్నారు, ముందు ఒక కంటికి చేస్తామన్నారు, వరస పెద్దది, ఏ రోజన్నది తర్వాత చెప్తామన్నారు. కొత్త ప్లేయరు అదే దారిలో తిరిగి ఇచ్చేశాడు.

అబెల్లా వచ్చిన మర్నాడు మధ్యాహ్నం తూడా సీడీ పెట్టింది. ఇప్పుడు దాచవలసిందేమీ లేదు కనుక పసుపు వైరు అలాగే వేలాడనిచ్చి, టీవీకి ఎందుకు శ్రమ అనుకుని బయల్దేరబోయింది.

"ఆ మూడోది కూడా పెట్టి వెళ్ళు," అంది ఇజ్జా.

"ఎందుకు లల్లా?"

"వెలుగు కదులుతుంది కదా. మనుషులు అటూ ఇటూ తిరుగుతున్నట్టుంటుంది."

తూడా వెనక్కి వచ్చి, బల్ల జరిపి, పసుపు వైరు గట్టిగా గుచ్చింది. ఊడకుండా గుడ్డముక్క చుట్టింది. సాగిపోయిన మొహాలతో పిసినారీ, గాడిదా, గుమ్మమంత హీరోయినూ తెర మీదికి వచ్చారు. ఇజ్జా ముఖం మీద వెలుగు కదలడం మొదలైంది.

ఆ రోజు బడికి ఆలస్యంగా వచ్చింది. బల్ల మీద కూర్చుని, పలక ఒళ్ళో పెట్టుకుని, మొదటి వరస రాసేలోపే గోడకి తల ఆనించి నిద్రపోయింది. కల్తూమ్ చూసింది. బలపం శబ్దం కాకుండా పెట్టి, మమ్మల్ని మెల్లగా చదవమంది. అసర్ పిలుపు దాకా ఎవరూ లేపలేదు.

ఇది రాసింది కబ్బూరా ఊబ్రహీం, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది ఇనెజ్గాన్‌లో, చెల్లెలి ఇంట్లో.